నలభై రెండు బన్నులు

బట్టీ మేస్త్రికి ఆ యంత్రం ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఒళ్లు మండింది. కోడలు దాన్ని అట్టపెట్టెలోంచి తీసి వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, చీర కొంగుతో దాని నెత్తి తుడిచి, "మామయ్యగారూ, ఇదే ఎయిర్ ఫ్రయర్. మంట అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. లోపల వేడిగాలి తిరుగుతుంది, ఏం పెట్టినా కాలిపోతుంది" అంది.

"కాలడం వేరు, కాలిపోవడం వేరు తల్లీ" అన్నాడు మేస్త్రి. అని, పేపరు చంకలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్లిపోయాడు.

ఆయన్ని అనడానికి లేదు. ముప్పై నాలుగేళ్లు ఒకే బేకరీలో, ఒకే ఇటుకల బట్టీ ముందు నిలబడ్డ మనిషి. ఒక్క వాయికి రెండు వందల రొట్టెలు మింగే బట్టీ అది. పొడవాటి చెక్క తెడ్డుతో రొట్టెలు లోపలికి తోసి, తలుపు దగ్గర చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పు పోయిన రోజు లేదు. అందుకే అందరూ ఆయన్ని బట్టీ మేస్త్రి అనేవాళ్లు. ఎనిమిది నెలల కిందట రోడ్డు వెడల్పు చేస్తామని ఆ వీధిలో ఒక వరసంతా పడగొట్టారు. బేకరీ పోయింది, బట్టీ పోయింది. యజమాని ఇంకో వ్యాపారం చూసుకున్నాడు. మేస్త్రి ఇంటికొచ్చి కూర్చున్నాడు. నాలుగో అంతస్తులో మూడు గదుల ఇల్లు, వంటింట్లో రెండు మంటల స్టవ్వు. ఇక రొట్టె ఎక్కడ కాలుస్తాడు? పొద్దున పేపరు చదివేవాడు. మధ్యాహ్నం అదే పేపరు మళ్లీ చదివేవాడు.

భార్య ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. కుట్టుమిషను దగ్గర్నుంచి తలెత్తకుండానే, "ఈ మనిషికి చేతులకి పని లేకపోతే నోటికి మాట కూడా ఉండదు" అని కోడలితో అంటుండేది. కోడలు పెద్దాసుపత్రిలో నర్సు. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరికీ వేళాపాళా లేని ఉద్యోగాలు. వంట తొందరగా అవుతుందని ఆ యంత్రం కొన్నారు తప్ప, మేస్త్రిని ఉద్ధరిద్దామని కాదు.

ఒక రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. భార్య కుట్టిన కర్టెన్లు ఇచ్చి రావడానికి వెళ్లింది. మేస్త్రికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. బంగాళాదుంపలు కనిపించాయి, యంత్రమూ కనిపించింది. "సరే, నీ సంగతేమిటో చూద్దాం" అనుకుని దుంపలు వేలంత ముక్కలు కోసి, నీళ్లలో కాసేపు నానబెట్టి, గుడ్డతో తడి ఒత్తి, చెంచాడు నూనె, చిటికెడు ఉప్పు పట్టించి యంత్రం సొరుగులో పోశాడు. మీట తిప్పాడు. హోరుమని గాలి మొదలైంది.

అయిదు నిమిషాలకే ఓపిక పోయింది. సొరుగు బయటికి లాగి, వేడి కాస్త తగ్గనిచ్చి, మెడ వంచి లోపలి కప్పు చూశాడు. పైన జిలేబీ చుట్టలా చుట్టుకుని, ఎరుపు ఇంకా పూర్తిగా చావని తీగ. దాని వెనక పంకా.

మేస్త్రి పైకే అనేశాడు. "ఓరి నీ దుంప తెగ! నువ్వు మూకుడు కాదు, బట్టీవే! కాకపోతే తలకిందులుగా పుట్టావు."

ఆయన బట్టీలో నిప్పు కింద ఉండేది, ఇక్కడ నెత్తిమీద ఉంది. అంతే తేడా! మిగిలింది ఒకటే విద్య. ఎక్కడ వేడి, ఎంతసేపు, ఎప్పుడు తియ్యాలి. సొరుగు లోపలికి తోసి, మధ్యలో ఒకసారి ముక్కలు కుదిపి, వాసన మారగానే తీశాడు. ఒక్కో ముక్క బయట బంగారు రంగు, లోపల వెన్న. నిలబడే తిన్నాడు. భార్య వచ్చేసరికి గిన్నె ఖాళీ.

"ఇల్లంతా వాసన. ఒక్క ముక్కైనా ఉంచలేదా నాకు?"

"కూర్చో, పావుగంటలో పెడతా."

ఆవిడ చేతిసంచీ దింపడం కూడా మరిచిపోయి ఆయన మొహంలోకి చూసింది. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో మేస్త్రి గొంతు అంత గట్టిగా వినపడలేదు.

మర్నాడే మైదా, ఈస్ట్ కొనుక్కొచ్చాడు. ఇంట్లో అందరికీ అర్థమైపోయింది. కోడలు ఆనందం ఆపుకోలేక, "రొట్టె చేస్తారా మామయ్యగారూ? దీనితో ఇచ్చిన పుస్తకంలో ఎలా చెయ్యాలో రాశారు, చదవనా?" అంది.

"తాతకు దగ్గులు నేర్పకమ్మా" అన్నాడు నవ్వుతూ. అయినా వేడి ఎంత పెట్టాలన్నారో మాత్రం అడిగాడు. రెండు వందల డిగ్రీలు అని ఉందిట.

మొదటి రొట్టె రెండు వందల మీద పన్నెండు నిమిషాలు కాలింది. తీసి చూస్తే నెత్తి బొగ్గు. కత్తి దించితే లోపల పచ్చి పిండి, కత్తికి జిగురులా అంటుకుంది. కొడుకు అప్పుడే పని నుంచి వచ్చి, చూసి, తిన్నగా స్నానానికి వెళ్లిపోయాడు.

"మిషను మంచిది కాదు" అన్నాడు మేస్త్రి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అంది భార్య.

రెండోసారి వేడి నూట అరవైకి దించాడు. నల్లబడలేదు కానీ, రొట్టె పొంగడం సగంలో ఆగిపోయి, పక్కన పగిలి, రాయిలా తయారైంది. మేస్త్రి దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చుట్టూ తిరిగాడు. వేలితో కొట్టాడు, ముక్క విరిచి వెలుగులో చూశాడు. ఆ వేళ పేపరు ముట్టుకోలేదు. సాయంత్రం ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"గాలి! ఈ గాలి పిండిని ఆరబెట్టేస్తోంది. పైన పొర ముందే గట్టిపడిపోతే లోపలున్న పిండి ఎటు పొంగుతుంది చెప్పు? తలుపులు మూసేసి పెళ్లివారిని లోపలికి రమ్మన్నట్టు!"

"నన్నడుగుతారేం, నాకేం తెలుసు?" అంది భార్య. కానీ కుట్టుమిషను ఆపింది.

"మన బట్టీలో రొట్టెల తడే ఆవిరై వాటిని మెత్తగా ఉంచేది. ఇక్కడ ఆవిరి నిలవదు. అంటే గాలి తగలకుండా కప్పాలి. పొంగేదాకా కప్పాలి, పొంగాక విప్పాలి!"

మూడోసారి పెద్ద రొట్టె ఆశ వదిలేసి చిన్న బన్నులు చుట్టాడు. సొరుగులో పట్టే రేకు పళ్లెంలో ఆరు పెట్టి, పొంగనిచ్చి, పైన పాలు రాశాడు. అన్నం డబ్బాలకి చుట్టే వెండిరంగు ఫాయిల్ కాగితం గుడారంలా కప్పి యంత్రంలో పెట్టాడు. నిమిషం తిరక్కుండానే లోపల టపటపమని చప్పుడు. కాగితం గాలికి లేచి ఎర్రటి తీగకేసి కొట్టుకుంటోంది! మేస్త్రి చప్పున ఆపి, బయటికి లాగి, ఈసారి కాగితం అంచులు పళ్లెం కిందికి గట్టిగా మడిచి పెట్టాడు. ఎనిమిది నిమిషాలు కప్పుతో. తర్వాత కప్పు తీసేసి మూడు నిమిషాలు. ఆఖర్న బన్నుల్ని బోర్లించి రెండు నిమిషాలు, అడుగు కూడా రంగు తేలేదాకా.

ఆ పదమూడు నిమిషాలూ ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. భార్య కూడా వచ్చి పక్కనే నిలబడింది, ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియదు.

తీశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని, తిరగేసి, అడుగున వేలితో కొట్టాడు. డొల్లగా, చిన్న డప్పులా మోగింది.

"విన్నావా?" మళ్లీ కొట్టాడు. "ఇదే! ఇదే చప్పుడు!"

బన్ను రెండుగా విరిచాడు. లోపలి నుంచి ఆవిరి లేచింది. ఒక సగం భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఊదుకుంటూ నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపి ఆయన వైపు చూసింది.

"ఏం, ఉప్పు తక్కువైందా?"

"కాదండీ. ముప్పై నాలుగేళ్లు మీరు ఇంటికి రొట్టె తెచ్చారు. ఒక్కసారి కూడా వేడిగా తినలేదు నేను. మీరు ఇల్లు చేరేసరికి చల్లారిపోయేది. ఊరందరికీ వేడివేడిగా పెట్టి నాకు చల్లారింది తెచ్చేవారు. ఇంత బాగుంటుందని నాకెలా తెలుస్తుంది?"

మేస్త్రి రెండో సగం కూడా ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ వద్దనలేదు.

ఆ తర్వాత పది పదిహేను రోజులు ఇంట్లో పండగే. దుంపలు, కాలీఫ్లవరు, చేప, మొక్కజొన్న, దాల్చినచెక్క పొడి చల్లిన యాపిల్ చెక్కలు! దేన్నీ వదల్లేదు. కొడుకు పని నుంచి వస్తూనే మెట్ల దగ్గరే ముక్కు ఎగబీల్చి, "ఇవాళ చేప!" అని పందెం కాసేవాడు. పిట్ట కొంచెం కూత ఘనం అని మేస్త్రి ఆ యంత్రాన్ని రోజూ తనే తడిగుడ్డతో తుడిచేవాడు, ఇంకెవర్నీ తుడవనిచ్చేవాడు కాదు.

అప్పుడొచ్చింది ఆ ఆదివారం.

పొద్దున ఆరున్నరకి కోడలి ఫోను మోగింది. ఆవిడ వింటూ వింటూ మంచం అంచున కూలబడింది. వాళ్ల వార్డు హెడ్ నర్సుకి ఆ రోజే ఆఖరి రోజు. పదకొండు గంటలకి అందరూ కలిసి టీ తాగి ఆవిడకి వీడ్కోలు చెప్పాలి. తినడానికి ఏర్పాటు కోడలిది. ఆర్డరు తీసుకున్న దుకాణం వాళ్లు వంటవాడికి జ్వరం, మా వల్ల కాదని చేతులెత్తేశారు.

"నలభై మంది వస్తారు అత్తయ్యా. ముప్పై ఏళ్లు చేసిన మనిషిని బిస్కెట్ పొట్లంతో పంపించమంటారా?" కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

మేస్త్రి పళ్లు తోముకుంటున్నవాడల్లా నోటినిండా నురుగుతోనే తలుపు దగ్గరికొచ్చాడు. "ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరాలి?"

"పదీ పావుకి."

"నలభై రెండు బన్నులు. ఇస్తా."

"మామయ్యగారూ, దాంట్లో ఆరే పడతాయి కదా!"

"ఆరేడులు నలభై రెండు. ఏడు వాయిలు. వాయికి పావుగంట." ఆయన అప్పటికే చొక్కా చేతులు మడిచేస్తున్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, లే! పెద్ద బేసిను తియ్యి. ఏమేవ్, పాలు గోరువెచ్చగా చెయ్యి, వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అమ్మాయ్, నువ్వు కూర్చో. కూర్చుని గడియారం చూసి టైము చెప్పు. నాకు అదే పెద్ద సాయం."

ఏడింటికల్లా పిండి కలిసింది. ఒకే ముద్ద చెయ్యలేదు. రెండు చేశాడు. మొదటిదానికి గోరువెచ్చటి పాలు, రెండోదానికి చల్లటి నీళ్లు. "ఏం మామయ్యగారూ అలా?" అంటే, "అన్నీ ఒకేసారి పొంగితే చివరి వాయి వచ్చేసరికి చప్పబడి కూలిపోతాయమ్మా. కొన్నిటిని నిద్ర లేపాలి, కొన్నిటిని కాసేపు పడుకోనివ్వాలి" అన్నాడు. పిండిని బల్లకేసి కొడుతుంటే కప్పులు గలగలలాడాయి. అరచేతి మడమతో తోసి, మడిచి, తిప్పి, మళ్లీ తోసి... ఆ చేతులు చూస్తూ కొడుకు నోరు తెరిచాడు. నాన్న రొట్టెలు చేస్తాడని తెలుసు కానీ, చేస్తుంటే ఎప్పుడూ చూడలేదు. రెండు చేతులా రెండు బన్నులు ఒకేసారి చుట్టి పళ్లెంలో గుండ్రంగా విసురుతున్నాడు, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు.

"నాన్నా, నాకూ ఒకటివ్వు" అని ప్రయత్నించాడు కొడుకు. అది కాస్తా చింతకాయలా వచ్చింది. మేస్త్రి దాన్ని తీసుకుని ఒక్క చుట్టులో బన్ను చేసి పక్కన పెట్టాడు. "నువ్వు లిఫ్టులే చూసుకో నాయనా."

ఎనిమిదిన్నరకి మొదటి వాయి ఎక్కింది. పావు తక్కువ తొమ్మిదికి రెండోది. కోడలు ఫోను చేతిలో పట్టుకుని, "కప్పు తియ్యండి!... బోర్లించండి!... తియ్యండి!" అని కేకలు. ఆపరేషను గదిలో కూడా అలా అరిచి ఉండదు. మేస్త్రి తీస్తున్నాడు, వేలితో కొడుతున్నాడు, తల ఊపుతున్నాడు, వెన్న రాసి గుడ్డ పరిచిన బుట్టలో వేస్తున్నాడు. మూడో వాయి దిగింది. పద్దెనిమిది! ఇంట్లో నిలబడితే చాలు, వాసనకే ఆకలేస్తోంది. ఎదురింటి తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుని, మళ్లీ తెరుచుకుంది.

నాలుగో వాయి ఎక్కిన అయిదో నిమిషంలో యంత్రం హోరు ఆగిపోయింది. లైట్లూ పోయాయి.

ముందుగదిలోంచి సన్నగా భార్య గొంతు వినిపించింది. "ఏవండీ... నేను ఇస్త్రీపెట్టె పెట్టాను. కర్టెను మడతలు నొక్కుదామని... ఫ్యూజు పోయినట్టుంది..."

ఆవిడ వంటింటి గుమ్మంలో చేతులు నులుముకుంటూ నిలబడింది. కోడలు గబుక్కున సొరుగు పిడి పట్టుకుంది, ఎలా ఉన్నాయో చూద్దామని.

"తెరవొద్దు!" అరిచాడు మేస్త్రి. కోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆయన గొంతు తగ్గించి, "తెరవకమ్మా. లోపల వేడి ఉంది. మనం తియ్యకపోతే అది ఎక్కడికీ పోదు. ఒరేయ్, కింద స్విచ్చి పెట్టె ఎవరి దగ్గర?"

"వాచ్‌మన్ దగ్గర తాళం" అంటూనే కొడుకు చెప్పులు లేకుండా మెట్లు దిగాడు. నాలుగు అంతస్తులు. లిఫ్టు ఉంది కానీ ఆ క్షణంలో లిఫ్టు మనిషికే లిఫ్టు గుర్తు రాలేదు.

మేస్త్రి యంత్రం మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు, జ్వరం ఉందా లేదా అని చూసినట్టు. కళ్లు మూసుకున్నాడు. భార్య మెల్లగా, "తిట్టండి, ఫరవాలేదు" అంది.

"తిట్టడానికి టైము లేదు. ఆ రెండో ముద్ద బన్నులు కిటికీ దగ్గర చల్లటి చోట పెట్టు. ఎక్కువ పొంగిపోతున్నాయి."

తొమ్మిదిన్నర అవుతుండగా లైటు వెలిగింది. హోరు మళ్లీ మొదలైంది. మేస్త్రి మూడు నిమిషాలు అదనంగా కలిపి కాల్చాడు. కప్పు తీసేసరికి ఆరూ నిక్షేపంగా పొంగి ఉన్నాయి. కోడలు చప్పట్లు కొట్టింది, వెంటనే గడియారం చూసి మానేసింది.

"తొమ్మిదీ నలభై. ఇరవై నాలుగు అయ్యాయి, ఇంకా పద్దెనిమిది. మూడు వాయిలు... పదిన్నర అయిపోతుంది. పోన్లెండి మామయ్యగారూ, ఉన్నవే సగం సగం చేసి ఇస్తా."

మేస్త్రి వినలేదు. సొరుగు కొలతలు చూస్తున్నాడు. వేళ్లు చాపి జానలు వేసి కొలిచాడు. పళ్లెం పక్కన పెట్టేసి, సొరుగు అడుగున నూనె రాసిన కాగితం పరిచి, అడ్డంగా మూడు, నిలువుగా మూడు, తొమ్మిది బన్నులు ఒకదాన్నొకటి ఆనించి పేర్చాడు.

"అతుక్కుపోతాయి నాన్నా" అన్నాడు ఇంకా రొప్పుతూనే కొడుకు.

"అతుక్కోవాలనే! పక్కలు ఆని ఉంటే ఇంకా మెత్తగా ఉంటాయి. అందరూ కలిసి విడదీసుకుని తింటారు. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. రెండు వాయిలు. నడవండి!"

ఫాయిల్ అంచులు సొరుగు పక్కలకి దోపి లోపలికి తోశాడు. అయిదో వాయి పది కావడానికి రెండు నిమిషాల ముందు దిగింది. తొమ్మిదీ కలిసి ఒకే పలకలా వచ్చాయి. బోర్లించి కొడితే గుమ్మంలో ఉన్న భార్యకి కూడా వినపడింది. కోడలు అప్పటికే చీర మార్చుకుని, ఒక చెవికి కమ్మ పెట్టుకుని, రెండో కమ్మ చేతిలో పట్టుకుని టైము చెబుతోంది. ఆఖరి వాయి. పదీ పది. పదీ పన్నెండు. కొడుకు కిందికి దిగి బండి స్టార్టు చేసి ఉంచాడు, హారను కొడుతున్నాడు. పదీ పదిహేడుకి మేస్త్రి ఆఖరి పలక బుట్టలోకి జార్చాడు. భార్య అది చల్లారకుండా కొత్త కర్టెను గుడ్డ నాలుగు మడతలు వేసి కప్పేసింది.

"వెళ్లు తల్లీ! దారిలో బుట్ట ఒళ్లో పెట్టుకో, గుడ్డ ఒక పక్క కొంచెం తెరిచి ఉంచు. మొత్తం మూసేస్తే చెమ్మ పట్టి పైపొర మెత్తబడుతుంది!" మెట్ల మీంచి వంగి ఆయన చెబుతూనే ఉన్నాడు, కోడలు కనపడకుండా పోయేదాకా.

మధ్యాహ్నం రెండు దాటాక కోడలు తిరిగొచ్చింది. మేస్త్రి కునుకు తీయలేదు. భోజనం కూడా సరిగా చెయ్యలేదు. తలుపు చప్పుడు కాగానే ఎదురెళ్లాడు.

"తిన్నారా?"

"తిన్నారా ఏమిటి మామయ్యగారూ! టీ కప్పుల్లోకి పోసేలోపే బుట్ట ఖాళీ. పెద్ద డాక్టరుగారు రెండోది అడిగితే లేదని చెప్పాల్సొచ్చింది, ఆయన మొహం చూడాలి! హెడ్ నర్సమ్మ ఒకటి విరిచి, వాసన చూసి, ఇది ఎవరు చేశారు అని అడిగారు. మా మామయ్యగారు అన్నాను. మీ మామయ్యగారు పడగొట్టేసిన వీధిలో బేకరీలో పనిచేశారా అన్నారు. అవునన్నాను. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళుతూ ఇరవై ఏళ్లు అక్కడే కొనుక్కున్నారట. ఈ బన్ను ఇక తినలేననుకున్నాను అంటూ అక్కడే కుర్చీలో కూర్చుని తిన్నారు. ఇంకొకటి చేతిసంచీలో వేసుకున్నారు, ఎవరూ చూడలేదనుకుని."

మేస్త్రి గోడకి ఆనుకున్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. కానీ బయటికి వచ్చిన మాట మాత్రం వేరు.

"అడుగులు ఎలా ఉన్నాయి? ఎవరైనా తిరగేసి చూశారా? ఆ తొమ్మిదేసి వాయిల మధ్యలో బన్ను ఉంటుంది చూడు, దాని అడుగు మీదే నాకు అనుమానం."

కోడలు నవ్వలేక కుర్చీలో కూలబడింది. భార్య చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"బాగానే ఉంది మామయ్యగారూ, మధ్యది నేనే తిన్నాను! ఇంకా వినండి. ఆవిడ ఇంట్లోనూ ఇలాంటి మిషనే ఉందిట. ఎవరో బహుమతిగా ఇస్తే రెండేళ్లుగా బీరువా మీదే ఉందిట. ఇక రేపట్నుంచి ఖాళీ కదా, మంగళవారం అది పట్టుకుని మనింటికి వస్తానన్నారు. మీరు నేర్పాలట. రమ్మనేనా?"

"రమ్మను, రమ్మను! రెండు మిషన్లు ఉంటే వాయికి పద్దెనిమిది పడతాయి." అని రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. "ఏమేవ్, మంగళవారం ఇస్త్రీ పని ఏమీ పెట్టుకోలేదు కదా?"